వలయాల రూపశిల్పి – ఎ.ఎస్.రావు

ఉద్దేశం: ఒక వస్తువును కొనుక్కొని వాడుకోవడం వేరు, దానిని స్వయంగా రూపొందించగలగడం వేరు. ఈ తేడాను గుర్తించి, మన దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాదులు వేసిన తెలుగు శాస్త్రవేత్త ఎ.ఎస్.రావు గారి జీవితాన్ని పరిచయం చేయడం, కంప్యూటర్ సాయంతో వలయాలను రూపొందించే నేటి కాలంలో ఆయన కృషి మనకు నేర్పే పాఠాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మాచారెడ్డి ప్రాంతం నుండి పైచదువుల కోసం బయలుదేరి, కామారెడ్డిలో రైలెక్కి సికింద్రాబాదులో దిగిన విద్యార్థికి నగరపు బస్సుల బోర్డుల మీద రెండు పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఒకటి ఇ.సి.ఐ.ఎల్., రెండవది ఎ.ఎస్.రావు నగర్. మొదటిది ఒక కర్మాగారం పేరు. రెండవది ఆ కర్మాగారాన్ని నిర్మించిన మహనీయుని పేరు. ప్రతిరోజూ వేలమంది ఆ రెండు పేర్లనూ పలుకుతారు. కాని ఆ పేర్ల వెనుక ఉన్న కథ తెలిసినవారు కొద్దిమందే.

అయ్యగారి సాంబశివరావు గారు 1914 సెప్టెంబరు 20వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పూర్వికులది కూడా ఆ ఊరే. ఒకరు స్వాతంత్ర్యం కోసం ఆయుధం పట్టారు. మరొకరు వచ్చిన స్వాతంత్ర్యాన్ని శాస్త్రరంగంలో నిలబెట్టడానికి తమ మేధాశక్తిని వినియోగించారు. సాంబశివరావు గారికి భౌతికశాస్త్రం మీద మక్కువ ఎక్కువ. ఆ మక్కువే ఆయనను మదనమోహన మాలవీయ స్థాపించిన కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి తీసుకువెళ్ళింది. అక్కడ ఆయన ఎం.ఎస్సీ. పూర్తిచేసి, కొంతకాలం బోధనలోను, పరిశోధనలోను గడిపారు.

1946లో ఆయనకు టాటా ఉపకారవేతనం లభించింది. దానితో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, విద్యుత్ ఇంజనీరింగులో ఉన్నతవిద్య అభ్యసించారు. నేడు సిలికాన్ వ్యాలీగా ప్రసిద్ధి చెందిన ప్రాంతం ఆనాడు చాలావరకు పండ్లతోటలతో నిండి ఉండేది. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో చేరేనాటికి ట్రాన్సిస్టర్ ఇంకా పుట్టలేదు. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో అది రూపొందింది. కనుక సాంబశివరావు గారు తొలుత నేర్చినది వేడెక్కి వెలిగే గాజు వాల్వుల విద్య. తరువాతి కాలంలో ట్రాన్సిస్టర్లు, ఆ పిమ్మట వేలాది ట్రాన్సిస్టర్లను ఒకే సిలికాన్ పలుకు మీద ఇమిడ్చిన చిప్పులు వచ్చాయి. ఒక్క జీవితకాలంలోనే మూడు తరాల సాంకేతిక విజ్ఞానాన్ని ఆయన చూశారు. ప్రతి తరంలోను విద్యార్థిగానే మొదలుపెట్టి నేర్చుకున్నారు.

స్వదేశానికి తిరిగి వచ్చిన పిమ్మట ఆయన హోమీ జహంగీర్ భాభా నాయకత్వంలో పనిచేస్తున్న శాస్త్రవేత్తల బృందంలో చేరారు. భాభా అప్పటికే బొంబాయిలో టాటా మౌలిక పరిశోధన సంస్థను నెలకొల్పి, విశ్వకిరణాలపై పరిశోధనలు సాగిస్తున్నారు. కంటికి కనబడని కణం ఒక శోధకం గుండా దూసుకుపోయినప్పుడు అతి స్వల్పమైన విద్యుత్ స్పందన కలుగుతుంది. ఆ స్పందనను పట్టి, వర్ధనం చేసి, లెక్కించే ఎలక్ట్రానిక్ వలయం లేనిదే పరిశోధన ముందుకు సాగదు. అటువంటి పరికరాలను ఎప్పుడూ విదేశాల నుండి తెప్పించుకొంటే ఖర్చు మాత్రమే కాదు, ఆలస్యం కూడా తప్పదు. పరికరం చెడిపోతే బాగుచేసేవారు సైతం దొరకరు. అందుచేత వాటిని ఇక్కడనే రూపొందించాలని భాభా సంకల్పించారు. ఆ సంకల్పాన్ని కార్యరూపంలోకి తెచ్చినవారిలో సాంబశివరావు గారు అగ్రగణ్యులు.

1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఏర్పడింది. అక్కడి ఎలక్ట్రానిక్స్ విభాగానికి సాంబశివరావు గారు సారథ్యం వహించారు. మూడు సంవత్సరాలు గడవకుండానే ఆ విభాగానికి కఠిన పరీక్ష ఎదురయింది. 1956 ఆగస్టు 4వ తేదీన మన దేశపు తొలి అణు రియాక్టర్ అప్సర పనిచేయడం ప్రారంభించింది. దాని ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం సాంబశివరావు గారి నాయకత్వంలో భారతీయ ఇంజనీర్లే రూపొందించారు.

ఆ కార్యం ఎంత బరువైనదో గ్రహించాలంటే నియంత్రణ వలయం చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. రియాక్టర్‌లో న్యూట్రాన్ల సంఖ్య క్షణక్షణానికి మారుతూ ఉంటుంది. శోధకాలు ఆ సంఖ్యను కనిపెట్టి, చిన్న విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి. వలయాలు వాటిని వర్ధనం చేసి, హద్దు దాటినట్లు తోస్తే నియంత్రణ కడ్డీలను రియాక్టర్‌లోకి దించివేయాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. రియాక్టర్ హద్దు దాటిన క్షణంలోనే వలయంలోని ఒక వాల్వు పాడైతే ఏమవుతుంది? విద్యుత్తు ఆగిపోతే ఏమవుతుంది? రూపకర్త ఈ ప్రశ్నలన్నిటినీ ముందుగానే వేసుకోవాలి. ఏ భాగం చెడినా ప్రమాదం వైపు కాక, భద్రత వైపే వ్యవస్థ మొగ్గేలా వలయాన్ని కల్పించాలి. కనుక వలయం ఎలా పనిచేస్తుందో ఆలోచిస్తే చాలదు, అది ఎన్ని విధాలుగా విఫలం కాగలదో కూడా ఊహించాలి.

ఆనాడు ఈ ఊహకు తోడుగా ఏ కంప్యూటరూ లేదు. వలయాన్ని రూపొందించేవారి సాధనాలు పెన్సిలు, కాగితం, స్లైడ్ రూల్ మాత్రమే. మొదట పటం గీసేవారు. ఓమ్, కిర్కాఫ్ నియమాలను అనుసరించి నిరోధకాల, కెపాసిటర్ల విలువలను చేతితో లెక్కకట్టేవారు. తరువాత ఒక బల్ల మీద భాగాలను తీగలతో కలిపి నమూనా వలయం కట్టేవారు. ఆసిలోస్కోపు తెర మీద దాని ప్రవర్తనను పరిశీలించేవారు. అనుకొన్నట్లు పనిచేయకపోతే సోల్డరును కరిగించి, భాగాన్ని మార్చి, మరల కొలిచేవారు. ముద్రిత వలయ ఫలకాలు వచ్చిన తరువాత, పారదర్శకమైన పత్రం మీద నల్లని పట్టీలను చేతితో అంటించి తీగల దారులను గీసేవారు. ఒక పట్టీ పొరపాటున మరొకదానిని తాకితే, ఆ తప్పు ఫలకం తయారై, భాగాలన్నీ బిగించిన తరువాతగాని బయటపడేది కాదు.

1962 నాటి చైనా యుద్ధం మన దేశానికి ఒక చేదు నిజాన్ని తెలిపింది. రక్షణకు, సమాచార ప్రసారానికి అవసరమైన ఎలక్ట్రానిక్ పరికరాలకై మనం ఇతరులపై ఆధారపడి ఉన్నాం. ఆ మరుసటి సంవత్సరం ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ సంఘాన్ని నియమించింది. అందులో విక్రమ్ సారాభాయి, మరొక తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం గారితో పాటు సాంబశివరావు గారు కూడా ఉన్నారు. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ఏ విధంగా ఎదగాలో ఆ సంఘం పరిశీలించింది. సంఘం పని ఒక కొలిక్కి వస్తున్న సమయంలో, 1966 జనవరి 24న, భాభా ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించారు. మార్గదర్శి మరణించినా ఆయన తలపెట్టిన కార్యం ఆగలేదు.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అవతరించింది. అదే ఇ.సి.ఐ.ఎల్. దాని తొలి సారథి సాంబశివరావు గారు. ప్రయోగశాలలో రూపొందిన పరికరాన్ని కర్మాగారంలో వందల సంఖ్యలో తయారుచేయడం ఈ సంస్థ లక్ష్యం. చూడడానికి ఇది సులభంగా తోచవచ్చు. కాని ప్రయోగశాలలో నిపుణుడు సరిదిద్దుతూ పనిచేయించే వలయం వేరు, ఎండలోను వానలోను ఎవరి సాయం లేకుండా పనిచేయవలసిన వలయం వేరు. ఒకే విలువ గల రెండు నిరోధకాలు కూడా నూటికి నూరుపాళ్ళు ఒక్కటిగా ఉండవు. ఆ చిన్న తేడాలన్నిటినీ ఓర్చుకొని నిలబడేలా వలయాన్ని రూపొందించాలి. ఈ విద్యను హైదరాబాదులో వందలాది యువ ఇంజనీర్లు ఇ.సి.ఐ.ఎల్. ద్వారా నేర్చుకొన్నారు.

అంతకంటే పెద్ద సాహసం కంప్యూటర్ల నిర్మాణం. ఆ రోజులలో మన దేశంలోని కంప్యూటర్లలో అధికభాగం విదేశీ సంస్థలవి. వాటిలో చాలావరకు అద్దె యంత్రాలు. అటువంటి సమయంలో ట్రాంబేలో రూపొందిన పన్నెండు బిట్ల కంప్యూటర్ టి.డి.సి.-12, 1969లో ఇ.సి.ఐ.ఎల్. ద్వారా వెలుగుచూసింది. టి.డి.సి. అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. దానిని అనుసరించి 1970వ దశకంలో టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చాయి. విడివిడి ట్రాన్సిస్టర్లతో మొదలైన ఆ ప్రయాణం కొన్ని సంవత్సరాలలోనే సమగ్ర వలయాల వరకు సాగింది.

ఈ కృషి విమర్శలకు అతీతం కాదు. విదేశాలలో అప్పటికే ఇంతకంటే వేగవంతమైన యంత్రాలు వచ్చాయని, మన యంత్రాలకు కావలసిన భాగాలు కొన్ని దిగుమతి చేసుకొనక తప్పడం లేదని, ఖర్చు కూడా ఎక్కువని కొందరు ఆక్షేపించారు. అందులో నిజం లేకపోలేదు. కొనుక్కొంటే చౌకగా దొరికే దానిని కష్టపడి తయారుచేయడం అవసరమా అన్న ప్రశ్న ఆనాడూ ఉంది, నేడూ ఉంది. సాంబశివరావు గారి జీవితమే దానికి సమాధానం. కొన్న యంత్రం కొంతకాలానికి పాతబడిపోతుంది. రూపొందించడం నేర్చిన మనిషి మాత్రం రేపు మరొక యంత్రాన్ని నిర్మిస్తాడు. ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన వాటిలో అత్యంత విలువైనవి పరికరాలు కావు, పరికరాలను తీర్చిదిద్దగల మనుషులు.

ఆ విద్య ఫలితాలు సామాన్యుల ముంగిటికి కూడా చేరాయి. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరం పాటు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు విద్యాకార్యక్రమాలను ప్రసారం చేసే సైట్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలు ఇందులో పాలుపంచుకొన్నాయి. అంతవరకు టెలివిజన్ ముఖం చూడని పల్లెలలో ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన సెట్ల ముందు జనం గుమిగూడి, వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలపై కార్యక్రమాలు చూశారు. 1977లో ఎన్నికల సంఘం ఓటింగ్ యంత్రం గురించి ఆలోచించినప్పుడు దాని రూపకల్పన బాధ్యత కూడా ఇ.సి.ఐ.ఎల్.కే దక్కింది. 1979లో నమూనా సిద్ధమయింది. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ నియోజకవర్గంలో ఓటింగ్ యంత్రాన్ని తొలిసారిగా వాడారు.

సాంబశివరావు గారి సేవలకు తగిన గుర్తింపు లభించింది. 1960లో పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగ్ శాస్త్రాలలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 2003లో ఆయన కన్నుమూశారు. హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ ఆయన పేరును నిలుపుతున్నది.

ఆయన జీవితకాలంలోనే వలయాల రూపకల్పన పద్ధతి సమూలంగా మారిపోయింది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో సుమారు 2300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దాని పటాన్ని మనుషులు చేతితోనే గీశారు. నేటి చిప్పులో ట్రాన్సిస్టర్ల సంఖ్య వందల కోట్లను దాటుతుంది. ఎంతమంది ఎంతకాలం గీసినా అటువంటి పటం పూర్తి కాదు. ఈ అసాధ్యాన్ని సాధ్యం చేసినవి కంప్యూటర్ సాయంతో పనిచేసే రూపకల్పన సాధనాలు.

వాటిలో ముఖ్యమైనది స్పైస్. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య డొనాల్డ్ పెడర్సన్ మార్గదర్శకత్వంలో లారెన్స్ నాగెల్ అనే విద్యార్థి దీనిని రూపొందించాడు. 1973లో ఇది లోకానికి పరిచయమయింది. ఇంటర్మీడియట్ విద్యార్థి భౌతికశాస్త్రంలో చదివే కిర్కాఫ్ నియమాలే దీనికి పునాది. వలయంలో తీగలు కలిసే ప్రతి సంధి దగ్గర, లోపలికి వచ్చే విద్యుత్ ప్రవాహాల మొత్తం బయటికి పోయే ప్రవాహాల మొత్తానికి సమానం కావాలి. ఒక్కొక్క సంధికి ఒక్కొక్క సమీకరణం చొప్పున వ్రాస్తే, వంద సంధులు గల వలయానికి వంద సమీకరణాలవుతాయి. ట్రాన్సిస్టర్ ఓమ్ నియమాన్ని పాటించదు కనుక ఒక అంచనాతో మొదలుపెట్టి, దానిని పదే పదే సవరించుకొంటూ సరియైన జవాబును చేరుకోవాలి. మనిషికి వారాలు పట్టే ఈ గణనను కంప్యూటర్ చూస్తూ ఉండగానే ముగిస్తుంది. నిరోధకం విలువ కొంచెం మారితే ఏమవుతుందో, ఉష్ణోగ్రత పెరిగితే ఏమవుతుందో, వలయాన్ని కట్టకముందే చూపుతుంది. పెడర్సన్ ఈ సాధనాన్ని దాచుకోకుండా నలుగురికీ పంచిపెట్టారు. అందువల్లనే అది ప్రపంచమంతటా వ్యాపించింది.

నేడు రూపకర్త తెర మీదనే వలయపటాన్ని గీస్తాడు. కంప్యూటర్ దాని ప్రవర్తనను లెక్కించి చూపుతుంది. ముద్రిత ఫలకం మీద తీగల దారులను అమర్చడానికి తోడ్పడుతుంది. రెండు తీగలు తగని దగ్గరికి వచ్చినా, ఒక భాగానికి విద్యుత్తు అందకపోయినా హెచ్చరిస్తుంది. అంతా సరిపోయిన తరువాత తయారీదారుకు కావలసిన పత్రాలను సిద్ధం చేసి ఇస్తుంది. ఒకప్పుడు నల్లని పట్టీ చేసిన తప్పు ఫలకం తయారయ్యాకగాని తెలిసేది కాదు. ఇప్పుడది గీసిన మరుక్షణమే తెలుస్తుంది.

అయితే కంప్యూటర్ అన్నిటినీ చూడలేదు. తనను అడిగిన ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. విద్యుత్తు ఆగిపోతే ఏమవుతుందని రూపకర్త అడగకపోతే, ఆ సంగతి అది తానుగా ఆలోచించదు. భాగం లక్షణాలను తప్పుగా ఇస్తే, తప్పు లెక్కనే ఒప్పుగా చూపుతుంది. అప్సర నియంత్రణ వలయాన్ని రూపొందించినవారు ఒక్కొక్క భాగం ముందు నిలిచి, ఇది చెడితే ఏమిటని తమను తాము ప్రశ్నించుకొన్న ఆ ప్రశ్నకు ఈనాటికీ ప్రత్యామ్నాయం లేదు. సాధనం గణన భారాన్ని తగ్గించిందేకాని, ఆలోచించే బాధ్యతను తగ్గించలేదు.

మరొక విషయం కూడా గమనింపదగినది. నేడు హైదరాబాదులో చిప్పుల రూపకల్పన చేసే కేంద్రాలు అనేకం ఉన్నాయి. వేలమంది తెలుగు యువతీయువకులు వాటిలో పనిచేస్తున్నారు. కాని వారు వాడే పెద్ద సాధనాలలో అధికభాగం విదేశీ సంస్థల సొత్తు. యంత్రాన్ని కొనుక్కోవాలా, తయారుచేసుకోవాలా అని నాడు సాంబశివరావు గారి తరం ఎదుర్కొన్న ప్రశ్నయే నేడు సాధనాల రూపంలో మన ముందు నిలిచింది.

ఇందులో ఆశకు తావు కూడా ఉంది. స్పైస్ సంతతికి చెందిన ఎన్‌జి-స్పైస్, ముద్రిత ఫలకాలను రూపొందించే కైక్యాడ్ వంటి సాధనాలు నేడు ఉచితంగా లభిస్తున్నాయి. వాటి అంతర్నిర్మాణాన్ని సైతం ఎవరైనా పరిశీలించవచ్చు, మెరుగుపరచవచ్చు. ఒకప్పుడు ట్రాంబే ప్రయోగశాలకు వెళ్తేగాని దొరకని అవకాశం నేడు మాచారెడ్డి వంటి పల్లెలో ఒక సాధారణ కంప్యూటర్ ముందు కూర్చొన్న విద్యార్థికి కూడా అందుబాటులో ఉంది. పొలం దగ్గరి మోటారు ఎండిన బావిలో వృథాగా తిరిగి కాలిపోకుండా ఆపే చిన్న వలయాన్ని అతడు తానే గీయవచ్చు, తానే పరీక్షించవచ్చు. బోరులో నీరు లేనప్పుడు మోటారు ఆగాలి. సరే, నీటిని కనిపెట్టే తీగయే తెగిపోతే? ఆ ప్రశ్న అతనికి తోచిన నాడు, అతడు సాంబశివరావు గారి బాటలో మొదటి అడుగు వేసినట్లే.

మోగల్లులో మొదలైన జీవితం ఒక పరిశ్రమకు ప్రాణం పోసింది. ఆయన వాడిన స్లైడ్ రూల్ నేడు ఎవరి చేతిలోనూ లేదు. ఆయన నిర్మింపజేసిన కంప్యూటర్లు ఎన్నడో మూలపడ్డాయి. కాని రూపొందించగలిగిన జాతి చేయి చాచనవసరం లేదన్న ఆయన విశ్వాసం పాతబడలేదు. సాధనాలు తరతరానికి మారుతుంటాయి. వాటిని పట్టే చేతిలో ధైర్యం, వెనుక ఉన్న బుద్ధిలో ప్రశ్న ఉండాలి. ఎ.ఎస్.రావు గారి జీవితం యువతరానికి అందించే సందేశం ఇదే.

పదాలు – అర్థాలు

వర్ధనం = పెంచడం
శోధకం = కనిపెట్టే పరికరం
అగ్రగణ్యులు = మొదట లెక్కింపదగినవారు
సారథ్యం = నడిపించే బాధ్యత
సంధి = కలిసే చోటు
సమగ్ర వలయం = భాగాలన్నీ ఒకే పలుకు మీద ఇమిడిన వలయం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. భారతదేశ ఎలక్ట్రానిక్స్ రంగానికి ఎ.ఎస్.రావు గారు చేసిన సేవలను వివరించండి.
2. కంప్యూటర్ సాధనాలు రాకముందు, వచ్చిన తరువాత వలయాల రూపకల్పనలో కలిగిన మార్పులను పాఠం ఆధారంగా తెలపండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. అప్సర నియంత్రణ వలయం రూపకల్పనలో ఎదురైన చిక్కు ఏమిటి?
2. టి.డి.సి. కంప్యూటర్లపై వచ్చిన విమర్శలేవి? వాటికి పాఠంలో లభించే సమాధానం ఏమిటి?
3. సాధనం ఆలోచించే బాధ్యతను తగ్గించలేదని రచయిత ఎందుకు అభిప్రాయపడ్డారు?